ఇప్పుడే వద్దన్నవాడు

వాషింగ్టన్‌లో అమెరికా కాంగ్రెస్ కొలువుండే క్యాపిటల్ భవనం గోపురం కింద పన్నెండు అడుగుల ఎత్తు, పద్దెనిమిది అడుగుల వెడల్పు ఉన్న తైలవర్ణ చిత్రం ఒకటుంది. జాన్ ట్రంబుల్ వేశాడు. స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిని, బ్రిటిష్ కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ అధ్యక్షుడి ముందు పెడుతున్న దృశ్యం. అందులో ఉన్న 47 మందిలో 42 మంది ఆ ప్రకటన మీద సంతకం చేసినవాళ్లు, ఐదుగురు చెయ్యనివాళ్లు. ఎవరిని ఉంచాలి, ఎవరిని వదలాలి అన్నది ట్రంబుల్‌కి పెద్ద చిక్కయి ఆ ప్రకటన రాసిన జెఫర్సన్‌నీ, దానికోసం సభలో వాదించిన జాన్ ఆడమ్స్‌నీ సలహా అడిగాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పారని ఆత్మకథలో రాసుకున్నాడు. సంతకాలనే ఆధారం చేసుకో, కానీ వ్యతిరేకించినవాళ్లనీ వదలకు, ముఖ్యంగా పెన్సిల్వేనియా ప్రతినిధి జాన్ డికిన్సన్‌ని. అందరికన్నా ధాటిగా ఎదురు వాదించినవాడు ఆయనే, అయితే ఆయన కాదన్నది సూత్రాన్ని కాదు, సమయాన్ని. అలా సంతకం చెయ్యని డికిన్సన్ కూడా ఆ గుంపులోకి వచ్చి నిలబడ్డాడు.

ఈ సంగతి చదివిన దగ్గర్నుంచి ఆ మనిషి నన్ను వదల్లేదు. ఏ ఉద్యమంలోనైనా, ఏ సంఘంలోనైనా, చివరికి ఇంట్లో పెళ్లి మాటల దగ్గరైనా "ఇప్పుడే వద్దు" అన్నవాణ్ణి మనం "వద్దు" అన్నవాడి ఖాతాలో వేసేస్తాం. ఆ రెంటి మధ్యా ఎంత దూరముందో, ఆ దూరంలో నిలబడడానికి ఎంత గుండె కావాలో డికిన్సన్ జీవితం చూస్తే తెలుస్తుంది. ఆ దూరంలో ఎంత అన్యాయం దాక్కోగలదో కూడా అదే జీవితంలో కనిపిస్తుంది.

ఆయన 1732లో మేరీలాండ్‌లో ఒక పొగాకు ఎస్టేట్‌లో పుట్టాడు. క్వేకర్ కుటుంబం. తండ్రి కాపురాన్ని డెలావేర్‌లో డోవర్ దగ్గరికి మార్చి, అక్కడ న్యాయమూర్తిగా చేశాడు. కొడుకు ఫిలడెల్ఫియాలో ఒక లాయరు దగ్గర పని నేర్చుకుని, ఇరవై ఒకటో ఏట న్యాయవిద్య కోసం లండన్‌లోని మిడిల్ టెంపుల్‌కి వెళ్లాడు. కాలనీల్లో పుట్టిన లాయర్లలో అంత చదువు చదవగలిగినవాళ్లు కొద్దిమందే. అక్కడి నుంచి అమ్మానాన్నలకు రాసిన ఉత్తరాలు మిగిలాయి. ఆంగ్ల న్యాయస్థానాల మీద భక్తి వాటిలో ఎంత ఉందో, 1754 పార్లమెంటు ఎన్నికల్లో ఓట్లు డబ్బుకి అమ్ముడుపోవడం చూసిన దిగ్భ్రాంతీ అంతే ఉంది. ఇంగ్లండ్ రాజ్యాంగం మీద గౌరవమూ, ఇంగ్లండ్ పాలకుల మీద అనుమానమూ రెండూ ఒకే మూటలో కట్టుకుని 1757లో తిరిగొచ్చాడు. ఫిలడెల్ఫియాలో ప్రాక్టీసు పెట్టాడు. మూడేళ్లకే డెలావేర్ అసెంబ్లీకి స్పీకరు.

మొదటి "ఇప్పుడే వద్దు" 1764లో వచ్చింది. పెన్సిల్వేనియా అప్పటికి పెన్ కుటుంబం సొత్తు. వాళ్లు తమ భూముల మీద పన్నులు కట్టడానికి పేచీ పెట్టేవాళ్లు. ఈ యజమానుల పీడ వదిలించుకుని నేరుగా రాజు పాలన కిందికి పోదామని బెంజమిన్ ఫ్రాంక్లిన్, జోసెఫ్ గాలోవే అర్జీ సిద్ధం చేశారు. అసెంబ్లీలో దానికి మంచి ఊపు ఉంది. డికిన్సన్‌కీ ఆ యజమానులంటే ప్రేమేమీ లేదు. అయినా సభలో లేచి వద్దన్నాడు. ఉన్న సన్నదులో మనకు మత స్వేచ్ఛ ఉంది, అసెంబ్లీ హక్కులున్నాయి. రాజుగారి మంత్రులు మన మీద కోపంగా ఉన్న ఈ సమయంలో దాన్ని వాళ్ల చేతిలో పెడితే తిరిగి ఏమిస్తారో ఎవరు చెప్పగలరు అని ఆయన ప్రశ్న. ఓడిపోయాడు, తర్వాత సీటూ పోయింది. ఏడాది తిరక్కుండానే అదే మంత్రుల దగ్గర్నుంచి కాలనీల్లో కాగితాల మీద పన్ను వేసే స్టాంపు చట్టం ఊడిపడింది. అప్పుడు న్యూయార్కులో సమావేశమైన కాలనీల ప్రతినిధులు తమ హక్కుల ప్రకటన రాయడానికి వెతుక్కున్నది ఈ ఓడిన మనిషినే.

ఆయన పేరు దేశమంతా మోగింది మాత్రం 1767 డిసెంబరు 2న ఫిలడెల్ఫియా పత్రికలో మొదలైన పన్నెండు ఉత్తరాలతో. వాటి మీద ఆయన పేరు లేదు. "పెన్సిల్వేనియా రైతు" రాసినట్టు వచ్చాయి. కొద్దిపాటి పొలం, కొద్దిమంది పనివాళ్లు, వడ్డీకి తిరుగుతున్న కాస్త డబ్బు, ఒక చిన్న గ్రంథాలయం, ఆశలూ భయాలూ పెద్దగా లేని ప్రశాంతమైన బతుకు: ఆ రైతు తనని తాను ఇలా పరిచయం చేసుకుంటాడు. పల్లెటూరి పెద్దమనిషి అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. రాసింది మాత్రం నగరంలో బాగా సంపాదిస్తున్న పెద్ద ప్లీడరు.

ఆ ఉత్తరాల్లో వాదన నాకు చాలా ఇష్టం. బ్రిటిష్ పార్లమెంటు ఆ ఏడు గాజు, కాగితం, రంగులు, సీసం, తేయాకు మీద సుంకాలు వేసింది. సుంకాలు కొత్తవి కావు. సామ్రాజ్యంలో వ్యాపారాన్ని అదుపులో పెట్టడానికి ఎప్పట్నుంచో ఉన్నవే. అలాంటప్పుడు ఇప్పుడెందుకీ గోల అనేవాళ్లు అక్కడా ఇక్కడా బోలెడుమంది. డికిన్సన్ ఒక్క గీత గీశాడు. వ్యాపారాన్ని సర్దడానికి వేసే సుంకం వేరు, ఖజానా నింపుకోవడానికి వేసే సుంకం వేరు, రెండోది పన్ను, మన ప్రతినిధులు లేని సభకు మన జేబులో చెయ్యి పెట్టే హక్కు లేదు. రెండో మాట ఇంకా పదునైనది. సుంకం చిన్నదే కదా అని ఊరుకోవద్దన్నాడు. చిన్నది కాబట్టే ప్రమాదం. ఎవరికీ నొప్పి తెలియకుండా కట్టించుకుంటే రేపు అదే పూర్వ నిదర్శనం అవుతుంది. కోర్టులో పాత తీర్పు చేతపట్టుకు నించున్న ప్లీడరు ఎంత బలవంతుడో తెలిసినవాడికే ఈ భయం తడుతుంది.

కాలనీల పత్రికలు చాలా భాగం ఈ ఉత్తరాలను అచ్చేసుకున్నాయి. బోస్టన్ పౌరసభ తీర్మానం చేసి ఆ అజ్ఞాత రైతుకి కృతజ్ఞతలు చెప్పింది. నాలుగేళ్ల కిందట ఆయన చేత చీవాట్లు తిన్న ఫ్రాంక్లినే లండన్‌లో ముందుమాట రాసి అచ్చేయించాడు. ప్యారిస్‌లో ఫ్రెంచి అనువాదం వచ్చింది. 1776 జనవరిలో థామస్ పెయిన్ 'కామన్ సెన్స్' వచ్చేదాకా అమెరికన్ల వాదాన్ని ఇంతగా జనంలోకి తీసుకెళ్లిన రాత మరొకటి లేదు. పెయిన్‌కీ డికిన్సన్‌కీ స్వభావంలో ఎంతో తేడా. పెయిన్ నిప్పు రాజేస్తాడు. డికిన్సన్ ముందు విన్నపం, వినకపోతే వస్తు బహిష్కరణ, అన్నీ అయిపోయాకే ఆయుధం అంటూ మెట్టు మెట్టుగా నడిపిస్తాడు. ఆయన చెప్పిన క్రమంలో ఆయుధం కూడా ఉందన్న సంగతి తర్వాత చాలామంది మరిచిపోయారు.

1775 జూలైలో ఆయన రెండు చేతులతో రెండు కాగితాలు రాశాడనవచ్చు. అప్పటికి లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి, బంకర్ హిల్‌లో వందల ప్రాణాలు పోయాయి. ఒక కాగితం రాజుకి చివరి విన్నపం, 'ఆలివ్ కొమ్మ అర్జీ' అని చరిత్రలో పేరు. రెండోది, జెఫర్సన్ చిత్తుప్రతిని తిరగరాస్తూ, మేం ఆయుధాలెందుకు పట్టాల్సి వచ్చిందో లోకానికి చెప్పే ప్రకటన. కాంగ్రెస్ రెంటినీ ఒకే వారంలో ఆమోదించింది. ఇది రెండు నాల్కల ధోరణి అని వెక్కిరించినవాళ్లున్నారు. కృష్ణ రాయబారం పద్యాలు వింటూ పెరిగిన మనకు ఇందులో వింతేముంది? సంధి కుదరదని తెలిసినా హస్తినకు వెళ్లాల్సిందే. రేపు రక్తం పారితే, అడగకుండా పారించారన్న మాట రాకూడదు. ఇక్కడ రాజు రాయబారాన్ని కనీసం చేతిలోకి తీసుకోలేదు. ఆగస్టు 23న కాలనీలు తిరుగుబాటు చేశాయని ప్రకటించేశాడు.

జాన్ ఆడమ్స్‌కి ఈ రాయబారం చిరాకెత్తించింది. ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ, పేరు ఎత్తకుండానే, డికిన్సన్‌ది గొప్పగా పేరుమోసిన అల్పబుద్ధి అన్న అర్థంలో ఒక మాట విసిరాడు. ఆ ఉత్తరం దారిలో బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కింది. వాళ్లు పత్రికలో వేశారు. ఆ సెప్టెంబరులో ఫిలడెల్ఫియా వీధిలో ఇద్దరూ ఎదురుపడ్డారు, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. ఆడమ్స్ టోపీ తీసి వంగి నమస్కరించాడు. డికిన్సన్ టోపీ, తల, చెయ్యి ఏదీ కదపకుండా వెళ్లిపోయాడు. ఆ రోజే ఆడమ్స్ దీన్ని డైరీలో రాసుకున్నాడు. ఒకే గదిలో రోజూ కూర్చుని ఒకే యుద్ధానికి లెక్కలు వేసుకుంటున్న ఇద్దరు మనుషులు! చరిత్ర పుస్తకాల్లో నిలువెత్తు విగ్రహాలుగా కనిపించేవాళ్లు ఇలా అలిగి మొహం తిప్పుకోవడం చూస్తే నాకు వాళ్లు మరింత దగ్గరవుతారు.

ఇక 1776 జూలై 1. స్వాతంత్ర్య తీర్మానం మీద చర్చ. డికిన్సన్ లేచాడు. ఆ ప్రసంగం కోసం ఆయన రాసుకున్న నోట్స్ దొరికాయి. అందులో మొదట చెప్పుకున్నది తన సంగతే: ఒకప్పుడు నాకు జనాదరణ చాలా ఉండేది, ఇప్పటికే తగ్గింది, ఈ రోజు నేను మాట్లాడబోయేది దాన్ని పూర్తిగా తుడిచిపెడుతుందని తెలుసు, అయినా ఇప్పుడు మౌనంగా ఉంటే నేరం చేసినవాణ్ణవుతాను. తర్వాత అసలు వాదన. ఫ్రాన్స్ మన వెంట నిలబడుతుందో లేదో ఇంకా తేలలేదు. మనలో మనకే ఒప్పందం లేదు. కాలనీల మధ్య సరిహద్దు తగాదాలు అలాగే ఉన్నాయి. పిల్లలున్న సంసారి నడి చలికాలంలో, వేరే నీడ చూసుకోకుండా, ఉన్న ఇల్లు పడగొట్టుకుంటాడా? లాయరు భాషలో చెప్పాలంటే ఆయన కేసు కొట్టేయమనలేదు, వాయిదా అడిగాడు.

జవాబు చెప్పింది ఆడమ్స్. సాయంత్రం ఓట్లు చూస్తే పెన్సిల్వేనియా నాలుగు–మూడుతో వ్యతిరేకం. దక్షిణ కరోలినా కూడా వ్యతిరేకం. డెలావేర్ సగం సగం. న్యూయార్కుకి ఓటేసే అనుమతి లేదు. తుది ఓటు మర్నాటికి పడింది. డెలావేర్ ఓటు తేల్చడానికి ఆ రాత్రంతా దాని మరో ప్రతినిధి సీజర్ రాడ్నీ గుర్రం మీద వానలో వచ్చాడని అమెరికాలో పిల్లలకు కథగా చెబుతారు. అదే రాత్రి మరో నిర్ణయం జరిగింది, దాన్ని కథగా ఎవరూ చెప్పరు. జూలై 2 ఉదయం డికిన్సన్, ఆయనతోపాటు వ్యతిరేకించిన పెన్సిల్వేనియా ప్రతినిధి రాబర్ట్ మారిస్ తమ కుర్చీల్లోకి రాలేదు. మిగిలిన ఐదుగురిలో ముగ్గురు అనుకూలం. పెన్సిల్వేనియా గట్టెక్కింది. పన్నెండు కాలనీలు ఔనన్నాయి, ఒకటి మౌనం.

ఆ రెండు ఖాళీ కుర్చీల గురించి ఎంత ఆలోచించినా నాకు తనివి తీరదు. వచ్చి ఔనంటే అంతరాత్మకు అబద్ధం చెప్పినట్టు. వచ్చి కాదంటే కాలనీలన్నీ ఒక్కటిగా నిలవాల్సిన రోజున మధ్య గోడలో పగులు పెట్టినట్టు. ఆయన నమ్మింది నిన్ననే నిండు సభలో చెప్పేశాడు. సభ వినలేదు. ఇక తన మాట నెగ్గించుకోవడానికి తన ఓటునే అడ్డుకర్రగా పెట్టే అవకాశం చేతిలో ఉంది. దాన్ని వాడలేదు. వాదించడం వల్ల ఆయన మీద నాకు గౌరవం కలిగింది. దారి వదలడం వల్ల అది రెట్టింపైంది.

తర్వాత పది రోజుల్లో జరిగినవి చూడండి. ఫిలడెల్ఫియా పౌర దళంలో మొదటి బెటాలియన్‌కి ఆయన కర్నల్. తాను వ్యతిరేకించిన స్వాతంత్ర్యాన్ని కాపాడడానికి ఆ దళాన్ని వెంటబెట్టుకుని న్యూజెర్సీలోని ఎలిజబెత్‌టౌన్ సరిహద్దుకు నడిచాడు. జూలై 12న కాంగ్రెస్ ముందుకు కాలనీల కూటమి ఒప్పందం చిత్తుప్రతి వచ్చింది. అది ఆయన దస్తూరిలోనే ఉంది. చలికాలంలో ఇల్లు పడగొట్టొద్దన్న మనిషి, పడగొట్టాలని అందరూ తేల్చాక, కొత్తింటి నక్షా గీసి ఇచ్చాడు. ఆయన సరిహద్దులో ఉండగానే పెన్సిల్వేనియా ప్రతినిధుల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు. కొన్నాళ్లకు దళంలో పదవీ వదులుకున్నాడు. 1777లో బ్రిటిష్ సైన్యం మళ్లీ దగ్గరికొచ్చినప్పుడు డెలావేర్ దళంలో మామూలు సిపాయిగా చేరాడు. ఆ శరత్కాలంలోనే ఫిలడెల్ఫియా పక్కన భార్య పుట్టింటివారి ఫెయిర్‌హిల్ భవనాన్ని బ్రిటిష్ వాళ్లు తగలబెట్టారు. ఆయన రాజభక్తుడని గుసగుసలాడినవాళ్లు దీనికేమన్నారో! 1764లో రాజు పాలన కావాలని ఎగిరిన గాలోవేయే చివరికి బ్రిటిష్ వాళ్ల పక్షం చేరి దేశం వదిలిపోయాడు.

ఇంతకీ ఆయన చెప్పింది సరైనదేనా? సగమే అంటాను. ఫ్రాన్స్ విషయంలో పొరబడ్డాడు. రాజుతో తగాదా పడుతున్న ప్రజలతో మరో రాజు సంధి చేసుకోడు. ముందు మనం వేరే దేశమని చెప్పుకుంటేనే ఎవరైనా చెయ్యి కలుపుతారు. 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరిందంటే దానికి వెనక బ్రిటిష్ సైన్యం మీద సరటోగాలో సాధించిన విజయం ఉంది, ఆ విజయానికి ముందు ప్రకటన ఉంది. ఆడమ్స్ తొందర అక్కడ న్యాయమైంది. కానీ ఇంటి మాట డికిన్సన్ చెప్పినట్టే జరిగింది. ఆయన గీసిన నక్షాను కాంగ్రెస్ కత్తిరించి, కేంద్రానికి బలం తగ్గించి, రాష్ట్రాలకు పంపింది. పశ్చిమ భూములు ఎవరివన్న తగాదాతో మేరీలాండ్ మొండికేసింది. 1781 మార్చి 1 దాకా ఒప్పందం అమల్లోకే రాలేదు. యుద్ధం దాదాపు అయిపోతున్నా ఆ దేశానికి రాసుకున్న కట్టుబాటు లేదు. వయోమింగ్ లోయ కోసం కనెక్టికట్ వాళ్లూ పెన్సిల్వేనియా వాళ్లూ తుపాకులతో కొట్టుకుంటూ వచ్చారు. పెన్సిల్వేనియా రాష్ట్ర అధ్యక్షుడిగా ఆ తలనొప్పి పడాల్సి వచ్చింది ఈయనే. అంతకుముందు ఏడాది డెలావేర్‌కీ ఆయనే అధ్యక్షుడు. 1776లో ఊరంతా తరిమేసిన మనిషిని ఆరేళ్లు గడిచేసరికి రెండు రాష్ట్రాలు పిలిచి కుర్చీ వేశాయి.

1786లో రాష్ట్రాల ప్రతినిధుల అన్నాపొలిస్ సమావేశానికి అధ్యక్షత వహించాడు. 1787లో రాజ్యాంగ సభకు డెలావేర్ తరఫున వెళ్లి, చిన్న రాష్ట్రాలు పెద్దవాటి కింద నలిగిపోకుండా సెనేట్‌లో సమాన స్థానం కోసం పట్టుబట్టాడు. ఆరోగ్యం బాగోక చివర్లో ఇంటికెళ్లిపోయాడు. ఆయన కోరిక మీద తోటి ప్రతినిధి జార్జ్ రీడ్ ఆయన పేరు కూడా రాశాడు. స్వాతంత్ర్య ప్రకటన మీద ఆయన సంతకం లేదు. రాజ్యాంగం మీద పేరుంది గానీ చెయ్యి ఆయనది కాదు.

ఇక్కడితో ఆపితే చక్కని కథ. ఆపలేను. ఈ స్వేచ్ఛా వాది డెలావేర్‌లో అతి పెద్ద బానిస యజమానుల్లో ఒకడు. డోవర్ పొలాల్లో గోధుమ, మొక్కజొన్న పండించింది ఆ బానిసల చేతులే. 1777లో ఆయన తన బానిసలకు విముక్తి పత్రం రాశాడు, కానీ షరతు మీద: ఇంకా ఏళ్ల తరబడి పనిచేశాకే స్వేచ్ఛ. వాళ్లకి కూడా ఆయన చెప్పింది అదే మాట, ఇప్పుడే కాదు. షరతుల్లేకుండా అందరినీ వదిలింది 1786లో. ఆ కాలపు పెద్ద నాయకుల్లో అంతమాత్రం చేసినవాళ్లు అరుదు. వాషింగ్టన్ వీలునామా దాకా ఆగాడు, జెఫర్సన్ కొద్దిమందిని తప్ప విడవనేలేదు. రాజ్యాంగ సభలో బానిసల దిగుమతికి అనుమతివ్వడం గౌరవానికే మచ్చ అని లేచి మాట్లాడిన ప్రతినిధుల్లో డికిన్సన్ ఉన్నాడు. అవన్నీ నిజమే. అయినా 1776 జూలైలో ఆయన అడిగిన వాయిదాకి మూల్యం ఆయన జనాదరణ, ఆయన పదవి. 1777లో రాసిన వాయిదాకి మూల్యం ఇంకొకరి బతుకులో ఏళ్లు. మొదటిది ధైర్యం. రెండోదాన్ని ధైర్యమని నేను అనను.

ఆయన 1808 ఫిబ్రవరి 14న విల్మింగ్టన్‌లో పోయాడు. క్వేకర్ల శ్మశానంలో పాతిపెట్టారు. విప్లవ కాలపు మహనీయుల్లో ఆయన పేరు నిలుస్తుందని అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ రాశాడు. పెన్సిల్వేనియాలో కార్లైల్ ఊళ్లోని కళాశాల ఇప్పటికీ ఆయన పేరుమీదే నడుస్తోంది. బ్రాడ్వే మీద 1969లో వచ్చిన '1776' సంగీత నాటకం మాత్రం ఆయన్ని ధనికుల పక్షపాతిగా, దాదాపు ప్రతినాయకుడిగా చూపించింది. చాలామంది అమెరికన్లకు తెలిసిన డికిన్సన్ ఆ నాటకంలోనివాడే కావడం నాకు బాధగా ఉంటుంది.

న్యూజెర్సీ, డెలావేర్, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది లేరు! ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఇండిపెండెన్స్ హాల్, లిబర్టీ బెల్ చూపిస్తారు. ఈసారి ఇంకో గంటన్నర దక్షిణంగా డోవర్ దాకా పోనివ్వండి. 1740లో కట్టిన ఆయన ఇటుకల ఇల్లు, 1804లో కాలిపోతే మళ్లీ కట్టుకున్నది, మ్యూజియంగా ఉంది. ఇల్లొక్కటే చూసి వెనక్కి తిరక్కండి. ఆ ఎస్టేట్‌లోనే బానిసలనీ, ఇతర శ్రామికులనీ పాతిన శ్మశానం జాడ దొరికిందని 2021లో డెలావేర్ ప్రభుత్వం ప్రకటించింది. అక్కడి గైడుని వాళ్ల గురించి కూడా అడగండి. ఆయన బానిసల్లో కొందరి పేర్లు డికిన్సన్ రాసిన విముక్తి పత్రాల్లో ఉన్నాయి.